మడత లేని కత్తి కోసం తిరుత్తణి దాకా

మా తిరువళ్లూరులో కట్టెలు కొట్టే మచ్చుకత్తి కావాలంటే పది నిమిషాల్లో దొరుకుతుంది. కూరగాయల కత్తులైతే బజారు పొడవునా గంపల్లో పోసి పెడతారు. ఈ రెండింటికీ నడుమ ఒకటుంది. కొండకు పోయేటప్పుడు నడుముకు కట్టుకుని తాడు కోయడానికి, పుల్లలు చెక్కడానికి పనికొచ్చే, మడత లేని నాలుగైదు అంగుళాల కత్తి. అది కొనడానికి నాకు ఒక శనివారమంతా పట్టింది. మీలో ఎవరైనా అదే పని మీద ఉంటే, నా తిప్పలు మీకు తప్పుతాయని రాస్తున్నాను.

ఐదు వారాల కిందట నాగలాపురం కొండల అంచున ఒక మామిడి తోటలో గుడారం వేసుకున్నాం. అక్కడ, నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన మడత కత్తి మా యమునక్క చూపుడువేలి మీద మూసుకుపోయింది. యమునక్క మా పెదనాన్న కూతురు, ఒక ఆసుపత్రిలో నర్సు. నాలుగు కుట్లు పడ్డాయి. సూది పట్టుకోలేక మూడు వారాలు టోకెన్ల కౌంటర్‌లో కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఆ కత్తి తయారుచేసినవాళ్లను కనిపించిన ప్రతివాడి దగ్గరా తిట్టాను, ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి పేజీడు సమీక్ష రాశాను. ఈ ఆదివారం మళ్లీ అదే తోటకు పోదామా అని అడిగితే అక్క, "ఆ కత్తి తెచ్చినావంటే నేను రాను. వేరేది దొరికితే చెప్పు, చూస్తాం" అంది.

వేరేది కూడా మొదట ఆన్‌లైన్‌లోనే తెప్పించాను. మడత లేదు, బొమ్మలో దిట్టంగా ఉంది. ఇంట్లో గుమ్మడికాయ మీద పరీక్షిస్తే పిడి నా చేతిలో, అలుగు కాయలో మిగిలాయి. చూద్దును గదా, ప్లాస్టిక్ పిడిలోకి దిగిన ఇనుము బొటనవేలంత కూడా లేదు. అలుగూ పిడీ ఒకే ఇనుప ముక్కగా చివరిదాకా ఉంటేనే ఇలాంటి కత్తి నిలుస్తుందని నాకు అప్పుడు తెలిసింది. దాన్ని వెనక్కి పంపడానికి నాలుగు రోజులు ఫోన్లు చేసి, విసిగి, శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు గుడి తేరు నిలిపే తేరడి దగ్గర అంగళ్ల మీద పడ్డాను.

మొదటి పాత్రల అంగట్లో ఆయన నేను చెప్పిందంతా తలాడిస్తూ విని, చేపలు కోసే కత్తి తీశాడు. "వంజిరం కూడా ఒకే దెబ్బకు తెగతాది" అన్నాడు. నాకు చేపలు వద్దు, తాడు కోయాలన్నాను. "తాడుకైతే కత్తెర ఉండాది" అని కత్తెర తీశాడు. పక్క వీధిలోని ఫ్యాన్సీ అంగట్లో అమ్మాయి, "క్యాంపింగ్‌కా సార్, ఉందే!" అంటే ప్రాణం లేచొచ్చింది. పిడి మీద రెక్కలు విప్పిన పాము, అలుగుకు రెండు పక్కలా పళ్లు. గోటితో గీరితే పూత రాలింది. మూడో చోట, ఇనుప సామాన్ల అంగట్లో పెద్దాయన నన్ను కిందికీ పైకీ చూసి గొంతు తగ్గించాడు.

"ఎవురితోనైనా తగరారా?"

"తగాదా ఏం లేదన్నా. కొండకు పోయేదానికి."

"కొండకు పోయేవాళ్లు కర్పూరం కొంటారు, కత్తి ఎందుకు?"

మళ్లీ మొదటినుంచీ చెప్పాను. అప్పటికి పొద్దున్నుంచి నాలుగోసారి. చివరికి ఆయనకే జాలి కలిగినట్టుంది. "ఇట్టాంటిది యాడా అమ్మరబ్బయా. చేయించుకోవాల. తిరుత్తణిలో అరక్కోణం రోడ్డు మీద మునస్వామి అని కొలిమి పెట్టుకోని ఉండాడు, మన తెలుగోళ్లే. సీక్రం పో, సాయంత్రానికి కొట్టిచ్చేస్తాడు" అన్నాడు. ఈ మాట ఎవరైనా ఎనిమిదిన్నరకే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

పది గంటలకు తిరుత్తణి బస్సెక్కాను. టికెట్ నలభై రూపాయల లోపే, మామూలుగా గంటంబావు దారి. ఆ రోజు కృత్తిక, తిరుత్తణి కొండ గుడికి జనం కావళ్లతో పోయే రోజు అని మాత్రం నాకు గుర్తు లేదు. ఎక్కిన తర్వాత కావళ్లు చూశాక గుర్తొచ్చింది. నిలబడ్డ చోటునుంచి కాలు కదపలేకపోయాను, ఒక పెద్దావిడ కావడికి కట్టిన నెమలీకలు దారిపొడుగునా నా ముక్కులోనే ఉన్నాయి. కండక్టరు, "మొక్కు ఉందా తంబీ?" అని అడిగాడు. కత్తి కొనడానికి పోతున్నానంటే, "కిర్తిగై నాడా! రేపు పోయుంటే కాళ్లు చాపుకోని పోయుండొచ్చునే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రైల్లో అయితే కడంబత్తూరు, అరక్కోణం మీదుగా గంట ప్రయాణం, టికెట్ ఇందులో సగం కూడా ఉండదు. ఆ బస్సు దిగేసరికి పన్నెండు.

మునస్వామి కొలిమి రోడ్డు పక్క రేకుల కొట్టంలో ఉంది. ఆయన పట్టుకారుతో ఇనుము పట్టుకుంటే, ఆయన భార్య ధనమ్మ సమ్మెట వేస్తోంది. ఇద్దరూ అరవైకి దగ్గరవాళ్లు. పని ఆపకుండానే ఆమె ఏం కావాలని అడిగింది. నేను ఫోన్ తీసి ఏడంగుళాల కత్తి బొమ్మ చూపించాను. వెనక రంపం పళ్లు, పిడిలో దిక్సూచి, అన్నీ ఉన్నాయి అందులో.

ధనమ్మ సమ్మెట దించి, ఫోన్ దూరంగా పెట్టి చూసింది. "దీంతో ఏం కోస్తావు నాయినా?"

"తాడు, కూరగాయలు, పుల్లలు. కొంచెం కట్టెలు కూడా చీల్చాల."

"ఏడంగుళాల దాంతో ఎర్రగడ్డ కోసి చూడు, తెలస్తాది. నాలుగంగుళాలు పోదుం, చాలు. ఈ పళ్లు వేండా, ఒరలో ఇరుక్కుంటాయి. కట్టెలకు మచ్చుకత్తి ఎత్తకపో."

నేను నలభై వీడియోలు చూసినవాణ్ణి. ఊరుకోలేక, కత్తిని కట్టె మీద పెట్టి వీపు మీద కొట్టి చీల్చే పద్ధతి ఒకటుందని వివరించాను. మునస్వామి మొదటిసారి నోరు తెరిచాడు. "దేంతో కొడతావు?"

"పోయినసారి రాయితో కొట్టినాను."

"ఎవురు పట్టుకోనుండారు?"

"మా అక్క."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేలు తెగిన సంగతి, కత్తి నాసిరకం కావడం, అంతా చెప్పుకొచ్చాను. నాకే తెలియకుండా గొంతు పెరిగింది. మీరు కూడా ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కొడుతున్నారు కదా అని కూడా అనేశాను.

ధనమ్మకు కోపం రాలేదు. "ముప్పై ఏండ్లుగా కొడతా ఉండాం. ఈయన తల ఆడిస్తేనే నేను ఎత్తేది. నువ్వు కొట్టేముందు ఆయమ్మకు చెప్పినావా?"

చెప్పలేదు. అక్క కత్తిని కట్టెలోంచి లాగడానికి పట్టు మార్చుకుంటోంది. ఒక్క దెబ్బతో చీలిపోతుందని, ఆమె చూడకముందే రాయి వేశాను. మడతను పట్టి ఉంచే తాళం జారింది, అలుగు వేలి మీదికి మడుచుకుంది. ఐదు వారాలుగా ఈ ముక్క ఒక్కటి వదిలేసి మిగిలిందంతా అందరికీ చెబుతూ వచ్చాను. సమీక్షలో కూడా రాయలేదు. ధనమ్మతో, "నాలుగంగుళాలే చేయండి" అన్నాను.

పాత లారీ కమాను పట్టా నుంచి ముక్క కోసి మొదలుపెట్టారు. ఆమె నా అరచేయి వెడల్పు పుల్లతో కొలిచి, దానికి ఒక వేలు ఎక్కువగా పిడికి ఇనుము వదలమంది. పిడికి రెండు పక్కలా చింతచెక్క వేసి మూడు రివెట్లు కొట్టారు. చివర నా చేతికి నూనె పూసి కత్తి గట్టిగా పట్టుకుని ఒక చెక్కను పొడవమంది. చేయి అలుగు మీదికి జారబోయింది. జారకుండా పిడి ముందు భాగంలో గంటు పెట్టేదాకా ఇవ్వలేదు. అంతా అయ్యేసరికి నాలుగు దాటింది. ఆరు వందలు తీసుకున్నారు. స్టేషన్ రోడ్డులో చెప్పులు కుట్టే ఆయన నూట యాభైకి తోలు ఒర కుట్టి ఇచ్చాడు. కత్తిని ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, సంచి అడుగున దాచి ఐదింటి రైలెక్కాను.

ఆరున్నరకు నేరుగా యమునక్క ఇంటికే పోయాను. ఆమె డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి కాఫీ కలుపుతోంది. కత్తి బల్ల మీద పెట్టి, దాని గురించి చెప్పబోయి ఆగి, "అక్కా, ఆ రోజు తప్పు కత్తిది కాదు. నీకు చెప్పకుండా నేనే కొట్టినాను" అన్నాను.

"తెలుసు రా. పట్టుకోనింది నేనే గదా."

"మరి ఎందుకు అడగలేదు?"

"ఎన్ని దినాలకు చెప్తావో చూద్దామని." కాఫీ గ్లాసు నా ముందు పెట్టింది. గొంతులో నవ్వు లేదు. "వార్డులో నన్ను చూసినోళ్లందరూ చెడ్డ కత్తి కొన్నారంటనే అంటా ఉంటే, నాకు ఎంత మండిందో నీకేం తెలుసు."

నేను కత్తిని పిడి ఆమె వైపు ఉండేలా తిప్పాను. ఆమె కత్తి చేతిలోకి తీసుకుంది, గాయమైన వేలు మడిచి, తెరిచి, పిడి చుట్టూ బిగించింది. "నాకు పిడి పెద్దదైపోయింది. సరే, రేపు ఎన్నింటికి బయల్దేరాల?" అంది. పొద్దునే ఐదున్నరకు బయల్దేరాం. కట్టెలకు మచ్చుకత్తి పట్టుకుపోయాం. తాళ్లన్నీ అక్కే కోసింది.

ఆ శనివారమంతా అంగళ్లవాళ్ల మీద, బస్సు మీద, కృత్తిక మీద కోపంతో తిరిగాను. ఇనుప సామాన్ల పెద్దాయనా, ధనమ్మా అడిగింది ఒకే ప్రశ్న, దీంతో ఏం చేస్తావని. అది అడిగినప్పుడల్లా విసుక్కున్నాను, ఎందుకంటే సరిగ్గా జవాబు చెబితే ఆ రాయి దెబ్బ దాకా చెప్పాల్సి వచ్చేది. ఇంటికొచ్చి ఆ ఒక్క నక్షత్రం సమీక్ష తీసేశాను. మడత కత్తి పెద్ద గొప్పదేం కాదు, కానీ నేను దాని మీద మోపిన తప్పు దానిది కాదు.

ఇలాంటి కత్తి చేయించుకునేవాళ్లకు ఒక్క సూచన: కమాను పట్టా ఇనుము తుప్పు పట్టేది. వాడిన వెంటనే తుడిచి, ఆరబెట్టి, కొబ్బరినూనె పలుచగా రాయండి. తడి కత్తిని తోలు ఒరలో ఒక్క రాత్రి వదిలినా తెల్లారేసరికి మచ్చలు తేలుతాయి.