కొత్త బడి గంట

మిరప తొలి ఏరుడు నడుస్తుండగా ఫోన్ వచ్చింది. చేసింది మా తండా ప్రాథమిక బడి సారు.

"అమ్మా, ఏడున్నవ్?"

"చేన్ల ఉన్న సార్."

"జర పక్కకు రా."

నలుగురిలో చెప్పలేని మాట అని అప్పుడే అర్థమైంది. సాళ్లు దాటి గట్టు మీదికి వచ్చాను.

"మన మేడం లేదమ్మా. పొద్దుగాల జనగామల బస్సుకు తయారైతుంటే గుండెల నొస్తున్నదని కూసున్నదంట. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది."

చేతుల నిండా మిరప ఘాటు. కళ్లు తుడుచుకునే వీలు లేదు. గట్టు పక్క సాలులో ఏరుతున్న మా అత్త ఏమైందని అడిగింది. చెప్పాను. అత్త సంచి కింద పెట్టి, "మన పిల్ల కాలేజీ సంగతి ఇంక ఎవరు చూస్తరు?" అన్నది. ఆ మాట మొదట నాకు కటువుగా తోచింది. తర్వాత ఆలోచిస్తే, మేడం ఉన్నా ముందు అదే అడిగేవారు.

ఆమె మరిపెడ దిక్కు ఊళ్లలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే మేడం. ఒక్క బడికి సంబంధించిన టీచరు కాదు. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఊరు. జనగామ నుంచి తొర్రూరు బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, రోడ్డు మీద దిగి మా తండాకు నడక. చేతిలో ఒక గుడ్డ సంచి. అందులో టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, రంగు పెన్సిళ్లు. తండా మొదట్లో బోరింగు దగ్గర ఆగి, చేతి గాజులు తీసి ఆ సంచిలో వేసుకునేవారు. అది చూసి మా తండా ఆడవాళ్లు మొదట్లో వింతగా చెప్పుకున్నారు. భర్త ఉన్న మనిషి గాజులు తీయడమేమిటని. సంగతేమిటంటే, గాజుల చప్పుడు మా అఖిలకు పడదు.

అఖిల మా బిడ్డ. ఆటిజం అని వరంగల్‌లో డాక్టరు చెప్పారు. ఆ మాటకు అర్థం మాకు మేడం చెప్పారు, అదీ ఒక్క రోజులో కాదు. అఖిల తక్కువ మాట్లాడుతుంది. ఇంట్లో మా భాషలో యాడీ అని నన్ను పిలుస్తుంది, బడిలో తెలుగులో రెండు మూడు మాటలు. వరుసగా పెట్టిన వస్తువు కదిలితే ఊరుకోదు. పెద్ద చప్పుడు ఉన్నట్టుండి వస్తే చెవులు మూసుకుని పరుగు తీస్తుంది. ఎటు పోతున్నదీ చూసుకోదు. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక పెళ్లిలో డీజే పెట్టగానే పరుగెత్తి మెయిన్ రోడ్డెక్కింది. మా ఆయన లారీ ముందు నుంచి గుంజుకొచ్చాడు. ఆ రోజు నుంచి ఆయనది ఒకటే మాట, ఐదో తరగతితో చాలు అని.

హైస్కూలు మాకు పక్క ఊళ్లో ఉంది, రోడ్డుకు ఆనుకుని. అందుకే ఆయన భయం ఉత్త భయం కాదు. మేడం కూడా కాదనలేదు. ఒకరోజు మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆయనతో ఇట్లా అన్నారు.

"అన్నా, నువ్వు రోడ్డుకు భయపడుతున్నవ్. నేను గంటకు భయపడుతున్న."

"గంటకేంది మేడం?"

"తండా బడిల పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఒకసారి కొడతరు. హైస్కూల్ల పీరియడ్ పీరియడ్‌కు కొడతరు. కొట్టినప్పుడల్లా సారు మారుతడు, పుస్తకం మారుతది. పిల్లకు ఈ మారుడు అలవాటు చేద్దాం. ఇంక ఐదు నెలలున్నది."

పై తరగతికి పోయే పిల్ల గురించి ఒక ప్రణాళిక కాగితం రాసి పంపాలని వాళ్లకు నియమం ఉంది. మేడం అది శ్రద్ధగానే రాసేవారు. రాసి, "కాగితం ముందు పోతది. పిల్ల ఎన్క పోతది. మధ్యల నడిచేటోళ్లు ఒకరు ఉండాలె గద" అనేవారు. అంతకుముందు ఆమె భూపాలపల్లి దిక్కు అడవి పల్లెల్లో పనిచేశారు. అక్కడ ఒక ఆడపిల్ల ఆరో తరగతిలో చేరిన రోజే ఇంటికి వచ్చేసి, మళ్లీ బడి ముఖం చూడలేదట. "చేర్చిననాడు నేను వేరే ఊళ్లె ఉన్న" అని ఒక్కసారే చెప్పారు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

హైస్కూలు గంట అంటే చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మేడం తొర్రూరులో వెల్డింగ్ షాపు నుంచి అట్లాంటిదే ఒక ముక్క సంపాదించి, ఆటోలో వేసుకుని తెచ్చారు. తండా బడి వరండాలో కట్టించారు. బడిలో ఉన్నది ఇద్దరు సార్లు, రెండు గదులు. గంట కొట్టగానే ఈ గది పిల్లలు ఆ గదికి, ఆ గది పిల్లలు ఈ గదికి పోవాలి. సార్లు కూడా మారాలి. ఒకటో తరగతి పిల్లలకు అదొక ఆట అయింది. గంట మోగితే పలకలు నెత్తిన పెట్టుకుని ఉరికేవాళ్లు.

"హైస్కూల్ చదువు మా ఒకటో తరగతోళ్లకు గుడ వచ్చె మేడం" అని సారు నవ్వేవారు.

అఖిల మొదటి రోజు బడి వెనక్కి పోయి గోడకు ముఖం పెట్టుకుని నిలబడింది. మేడం పిలవలేదు, గుంజుకురాలేదు. చప్పుడు లేనప్పుడు ఆ ఇనుప ముక్కను ముట్టుకోనిచ్చారు. తర్వాత చెంచాతో తట్టనిచ్చారు. తర్వాత కర్రతో, ఆఖరుకు సుత్తితో. ఎండలు ముదిరేసరికి బడిలో గంట కొట్టేది అఖిలే. నేను పొలం నుంచి వింటూ ఇది మా పిల్ల కొట్టిన దెబ్బ అని గుర్తుపట్టేదాన్ని. అంత గట్టిగా ఇంకెవరూ కొట్టరు.

జూన్‌లో హైస్కూలు తెరిచారు. మొదటి వారం నన్ను గేటు దగ్గర కూర్చోమన్నారు మేడం. కూర్చున్నాను. మొదటి పీరియడ్ అయిపోయే వేళకు ఒక చప్పుడు వచ్చింది. రైలు పట్టా చప్పుడు కాదు. కరెంటు బెల్లు. ఎండాకాలం సెలవుల్లో పాత విద్యార్థులు చందాలేసుకుని పెట్టించారట. చెవుల్లో దూరి బయటికి రాని చప్పుడు. అఖిల రెండు చెవులూ మూసుకుని, చెప్పులు వదిలేసి, గేటు వైపు దూసుకొచ్చింది. నడుం పట్టి ఆపాను. నా చేయి కొరికింది. రోడ్డు మీద ఇసుక ట్రాక్టరు పోయింది.

ఇంటికి వచ్చాక యూనిఫాం విప్పి మంచం కిందికి తోసేసింది. ఆ వారం మళ్లీ తొడుక్కోలేదు. మా ఆయన అనాల్సింది ముందే అన్నాడు కదా.

మేడం వచ్చారు. అరుగు మీద కాదు, లోపల నేల మీద కూర్చున్నారు. మా అత్త మా భాషలో గట్టిగా అందుకున్నది. ఐదు నెలలు పిల్లతో గంట కొట్టించి, ఆఖరుకు పిల్లను ట్రాక్టరు కిందికి తోసేదానివి కదా అన్నది.

"ఏమంటున్నదమ్మా అవ్వ?" అని మేడం నన్ను అడిగారు.

"పరేషాన్ అయినం అంటున్నది మేడం."

"గంత చిన్న మాట అనలే. ముఖం చూస్తె తెలుస్తలేదా?" అని మేడం అత్త వైపు తిరిగారు. "అవ్వా, నువ్వు తిట్టింది కరెక్టే. తప్పు నాదే. పాత గంట పట్టుకొని ఐదు నెలలు తిరిగిన. బడి తెరిచేముందు ఒక్కనాడు పోయి కొత్త గంట ఇనలే. పిల్లది ఏం తప్పు లేదు. బడి మాన్పియ్యకుండ్రి. నాకు ఇంకొక్క మోకా ఇయ్యుండ్రి."

నేను అత్తకు ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అత్త లేచి పోయి చాయ్ పెట్టింది. మేడం చాయ్‌ని ఎప్పుడూ టిఫిన్ డబ్బా మూతలో పోసుకుని చల్లార్చుకుని తాగేవారు. ఆ రోజు మూత తీయడం మరిచి, వేడివేడిగానే తాగేశారు.

మర్నాడు హెడ్మాస్టర్ సారు గదిలో నేనూ ఉన్నాను.

"ఒక్క పిల్ల కోసం బెల్లు తీసెయ్యమంటరా మేడం? ఇష్టపడి పెట్టిచ్చిండ్రు. మూల గదులకు గుడ ఇనవడుతున్నది."

ఆయన మాటలో తప్పేమీ లేదు. మేడం కూడా అదే అన్నారు.

"తీయొద్దు సార్. ఉండనీయుండ్రి. ఎప్పుడు మోగుతదో పిల్లకు ముందు తెలిస్తె చాలు. ఆ స్విచ్చి జర ఆమెకు చూపెడత. బడి ఇడిచిపెట్టినంక ఒక అరగంట గది తాళం నాకియ్యుండ్రి."

బెల్లు వేసే అటెండర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "అంటే నా కొలువు ఆ పిల్లకిస్తున్నరా మేడం?" అన్నాడు.

"నీకు చాయ్ తాగ టైం దొరుకుతది గదన్నా. ఎందుకు పరేషాన్ అయితవ్?"

హెడ్మాస్టర్ సారు నవ్వి తాళం ఇచ్చారు.

వానలు పడుతున్న రోజులవి. మేడం పగలు ఏ ఊళ్లో ఉన్నా సాయంత్రానికి మా దగ్గరికి వచ్చేవారు. పిల్లలంతా పోయాక ఖాళీ బడిలో మేమిద్దరం, అఖిల. మొదట అఖిల గేటు దగ్గర, నేను స్విచ్చి దగ్గర. నేను చేయి పైకెత్తి చూపించాలి, ఆగాలి, తర్వాత నొక్కాలి. అఖిల ఒక్కో రోజు కాస్త దగ్గరికి జరిగేది. ఒక్కోరోజు వెనక్కి పోయేది. మేడం ఆఖరు బస్సు పోతుందని తొందర పెట్టింది నేను చూడలేదు. దసరా సెలవులకు ముందు ఒక సాయంత్రం అఖిల వచ్చి నా చేయి స్విచ్చి మీది నుంచి తీసేసి, తన వేలు పెట్టింది. నొక్కింది. వెంటనే వదిలేసి చెవులు మూసుకుంది. కానీ పరుగెత్తలేదు. నిలబడి ఆ బెల్లు వైపు కోపంగా చూసింది. మేడం చప్పట్లు కొట్టలేదు. చప్పట్లూ అఖిలకు పడవు. "రేపు మళ్ల" అన్నారు, అంతే.

అంతా నయమైపోయిందని రాయను. అఖిల ఇప్పటికీ బెల్లు మోగితే చెవులు మూసుకుంటుంది. చదువూ కొంతే వచ్చింది. పేరు రాస్తుంది, చూసి రాస్తుంది, కూడికలు చేస్తుంది. ఈ మార్చిలో రాయబోయే పదో తరగతి పరీక్షకు పక్కన రాసిపెట్టే పిల్లను పెట్టుకున్నాం. కానీ బడి మానలేదు. ఈ మాట రాయడానికి నాకు ధైర్యం ఉంది.

ఆ జూన్ తర్వాత మేడం పద్ధతి మార్చుకున్నారు. ఏ పిల్ల పై బడికి పోవాలన్నా, ఆ బడి తెరిచేముందు తానే పోయి చూసివచ్చేవారు. కురవిలో నడవలేని ఒక పిల్ల తల్లి ఫోన్ చేస్తే నా ముందే చెప్పారు. "పేరు ఎక్కిచ్చుడు తర్వాత. ముందు పోయి మెట్లు చూడుండ్రి. బాత్రూం తలుపు తీసి చూడుండ్రి. గంట ఇనుండ్రి." మా ఇంట్లో ఏ కొత్త పనికైనా మా ఆయన ఇప్పుడు "గంట ఇన్నవా?" అని అడుగుతాడు. కొత్త మోటారు కొన్నప్పుడు కూడా అదే అన్నాడు.

అఖిలను మరిపెడలో కాలేజీలో చేర్చాలన్నది మేడం పట్టుదల. పోయిన నెల సంక్రాంతి సెలవులకు ముందు వచ్చినప్పుడు రోజు కూడా చెప్పారు. సెలవులు అయినాక వచ్చే శుక్రవారం, కాలేజీ నడుస్తుండగా పోదాం అని. "కాలేజీల నాలాంటి మేడం ఉండది. ఈసారి నువ్వే చూస్కోవాలె. నేను పక్కన నిలబడత" అన్నారు.

జనగామలో చివరి చూపుకు నేనూ మా ఆయనా పోయాం. అఖిలను తీసుకుపోలేదు. డప్పులుంటాయి. మేడంను వాకిట్లో పడుకోబెట్టారు. రెండు చేతులకూ మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు వేశారు. ఇన్నేళ్లలో ఆమె చేతులకు అన్ని గాజులు నేను చూడలేదు. ఆమె భర్త మమ్మల్ని ఎన్నడూ చూడకపోయినా, తండా పేరు చెప్పగానే "గంట పిల్ల అమ్మనా?" అన్నారు. అవునన్నాను. "కాలేజీకి పోవాలె అంటుండె" అన్నారు. పోతం అన్నాను.

ఆ శుక్రవారం వచ్చింది. మిరప ఏరడానికి మనుషులు దొరకని రోజులు. అత్తే పొమ్మన్నది.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "అడ్మిషనా? ఇప్పుడేడుంటది? జూన్‌ల రా."

"అడ్మిషన్ కాదన్నా. గంట ఇనడానికొచ్చినం."

అతను నన్నూ అఖిలనూ మార్చి మార్చి చూశాడు. "గంటా?"

"అవ్. ఎప్పుడు కొడతరు?"

"కొడతరు ఇంక జరసేపట్ల. గిట్లాంటి పిల్లలు ఇక్కడ ఎవ్వలు లేరు గదమ్మా."

"వచ్చే జూన్‌ల ఉంటది."

"పది పాస్ కావాలె గద?"

"అయితది" అన్నాను.

అతను వరండా మెట్లు చూపించాడు. కూర్చున్నాం. నేను గాజులు తీసి సంచిలో వేసుకున్నాను. అఖిల భుజం తట్టి, ఇప్పుడు వస్తుంది అన్నట్టు చేయి పైకెత్తి చూపించాను. అఖిల రెండు చేతులూ చెవుల దగ్గర సిద్ధంగా పెట్టుకుంది.

మోగింది. హైస్కూలు దానికన్నా పెద్ద చప్పుడు. గదుల్లోంచి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. అఖిల చెవులు గట్టిగా మూసుకుంది. లేవలేదు. తల ఎత్తి గోడ మీద బెల్లును చూసింది. బెల్లు నుంచి తెల్ల వైరు కిందికి దిగి, కిటికీ పక్కగా పోయి, ఆఫీసు గది తలుపు లోపలికి మళ్లింది. అఖిల కళ్లు ఆ వైరు వెంబడే పోయి, తలుపు దగ్గర ఆగాయి. లోపల స్విచ్చి ఎక్కడుందా అని మెడ సాచి చూస్తున్నది.