ఎర్ర చుక్క పెట్టిన పంపు

మొన్న నకిరేకల్‌లో పాస్‌బుక్ పని మీద బ్యాంకుకు పోతే, అక్కడ కొత్తగా నిలబెట్టిన టచ్ స్క్రీన్ మిషన్ తియ్యటి గొంతుతో దయచేసి మీ ఐచ్ఛికాన్ని ఎంపిక చేసుకోండి అంటోంది, దాని ముందు నా ఈడు పెద్దాయన ఒకాయన ఏం చేయాలో తోచక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ గొంతు వినగానే నాకు ఒళ్లు మండింది. మన వయసు వాళ్లకు కొన్ని కోపాలు చల్లారవు. నాది తెలంగాణ వచ్చిన కొత్తలో రాజుకున్నది.

అప్పుడు నేను నల్లగొండలో కాలేజీ పిల్లలకు కమ్యూనికేషన్ పాఠాలు చెప్పేదాన్ని. చెప్పేవాడు, చెప్పే మాట, వినేవాడు, మధ్యలో అడ్డుపడే రొద అని బోర్డు మీద బాణాలు గీసి, మాటకు అర్థం చివరికి వినేవాడి దగ్గరే తేలుతుందని ఏటేటా చెప్పీ చెప్పీ నాకే విసుగు పుట్టేది. పురుగుమందు కొట్టేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తల మీద బొమ్మలూ మాటలూ పాటా కలిపి రైతుల కోసం వ్యవసాయ అధికారులు ఒక వీడియో చేస్తున్నారని, మాటలు రాసి చదివే పని నాకిచ్చినప్పుడు ఎంత సంబరపడ్డానో. మా చిన్నాయన హాలియా దగ్గర వరి పొలంలో మూతికి బట్ట లేకుండా మందు కొట్టి దవాఖాన పాలై, బతికి బయటపడ్డా మళ్లీ మునుపటి మనిషి కాలేదు. అందుకని ఆ వీడియో నాకు ఉత్త కొలువు పని కాదు.

దాని డిజైన్ చూసే పెద్దమనిషి హైదరాబాదు నుంచి వచ్చేవాడు. నా యాస వింటే జనం నవ్వుతారని నా గొంతు తీసేయించి ఎవరిదో నున్నటి గొంతు పెట్టించాడు. అది ఎలాగో మింగాను. కానీ మూతికి బట్ట కట్టుకోకుండా మందు కొట్టే మనిషి తెర మీదకు వచ్చినప్పుడల్లా, తప్పు అని చెప్పడానికి అతని వీపున ఉన్న మందు పంపు మీద గుండ్రటి ఎర్ర చుక్క వెలిగేలా చేశాడు. మా వైపు కొత్త పంపు కొన్నా, మోటరు కొన్నా కుంకుమ బొట్టు పెట్టి కానీ వాడరు. ఆ చుక్క మనవాళ్లకు బొట్టులా కనబడి తప్పే ఒప్పవుతుందని విమర్శ రాసి ఇచ్చాను. ఆయన దాన్ని మీటింగులో పైకి చదివి, మేడమ్ పల్లెటూరి భయాలకు సిద్ధాంతమని పేరు పెట్టారన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వును నేను మరిచిపోలేదు, మరిచిపోవాలని అనుకోనూ లేదు.

పోట్లాడితే నా మాట నెగ్గదని తెలుసు. అందుకే బహు మర్యాదగా, విడుదలకు ముందు ఒకసారి రైతులకు చూపిద్దామని, ఆయన స్వయంగా వస్తే బాగుంటుందని అధికారులను ఒప్పించి, మా చిన్నాయన వాళ్ల ఊళ్లోనే ఏర్పాటు చేయించాను. ముందు వరుసలో ఆయనకు కుర్చీ వేయించింది నేనే, వీడియో అయ్యాక మైకు చేతికిచ్చి ఏం అర్థమైందో అడగమన్నదీ నేనే. ఆయన వెళ్లి మా చిన్నమ్మనే అడిగాడు. ఆమెకు నేను ఒక్క ముక్క నేర్పి ఉంటే ఒట్టు.

"మూతికి బట్ట లేనోని పంపుకు బొట్టు పెట్టిండ్రు గద సారూ, గట్లనే కొట్టుమంటున్నరు అనుకున్న," అంది చిన్నమ్మ. "మరి మా ఇంటాయన గట్ల కొట్టే గద దవాఖాన్ల పడ్డడు?" అని ఆయననే అడిగింది.

అధికారులందరూ ఆయన వైపు తిరిగారు. ముఖం మాడిపోయి, మైకు ఎవరికివ్వాలో తెలియక ఆయన అటూ ఇటూ చూస్తుంటే నేను చేయి చాపలేదు. అబద్ధమెందుకు, నాకు కడుపు నిండినట్టయింది. తర్వాత చుక్క పోయింది, మాటలు చిన్నమ్మ గొంతుతో మళ్లీ రికార్డు చేశాం, వీడియో చివర ఆయన పేరు తీసి ఆమె పేరు వేయించే దాకా నేను ఊరుకోలేదు.

ఇప్పుడు మన యాసకు గిరాకీ వచ్చింది. ఫోన్ తెరిస్తే చౌటుప్పల్ ప్లాట్లు అమ్మేవాళ్ల నుంచి నూనె ప్యాకెట్లు అమ్మేవాళ్ల దాకా అందరూ జర, గిట్ల అంటూ మన మాటలతోనే పలకరిస్తారు, వినడానికి బాగానే ఉంటుంది. కానీ తీసిన వీడియో పట్టుకుని ఊరికి వచ్చి, నీకేం సమజైందమ్మా అని అడిగేవాళ్లు లేరు. ఆ పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ దయ లేదు, అయినా ఆయన వచ్చి మా ముందు కూర్చున్నాడు కాబట్టే నా పగ తీరింది. ఇప్పుడు తప్పుగా చెప్పేవాళ్లను నిలదీద్దామంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టడానికి మనిషే కనబడడు.