అయితే, అయితేనే

నెల్లూరులో ఒక కాలేజీలో మా చెల్లెలు లెక్కలు చెప్పేది. హిల్బర్ట్ స్పేస్ అనే అనంత పరిమాణాల లోకంలో ఒకదాన్ని మరొకదానిగా మార్చే ఆపరేటర్ల మీద పరిశోధన చేసేది. ప్రతి ఆపరేటర్‌కూ అడ్జాయింట్ అని ఒక జోడీ ఉంటుంది. రెండింటిలో దేన్ని ముందు నడిపినా ఫలితం ఒకటే అయితే ఆ ఆపరేటర్ నార్మల్. వాటిని గుర్తుపట్టడానికి తను ఒక లక్షణం కనిపెట్టింది. నార్మల్ అయితే ఆ లక్షణం ఉంటుందని నిరూపించింది. నార్మల్ అయితేనే ఉంటుందని ఇంకా నిరూపించాలి. ఆ ‘నే’ కోసం ఏళ్ళ తరబడి కూర్చుంది. అంతలో క్యాన్సర్ వచ్చింది.

సెలవు పెట్టి తోటపల్లి గూడూరులో అమ్మ దగ్గరికి వచ్చేసింది. అమ్మ తన చర్చి సంఘం వాళ్ళను పిలిచింది.

“ప్రార్థన చేస్తేనే తగ్గుద్దిరా,” అంది, హేతువాద సభల్లో ఉపన్యాసాలిచ్చే నాతో.

“తగ్గినోళ్ళనే గదమ్మా సాక్ష్యం చెప్పమని లేపేది! తగ్గనోళ్ళు సమాధుల్లో ఉండారు. వాళ్ళనెవురు లేపతారు?”

అమ్మ కళ్ళు తుడుచుకుంది. మంచం మీంచి చెల్లెలు అంది: “అన్నా, ఇది మీటింగ్ గాదు. మైకు ఆపు.”

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, “‘నే’ పోయిందన్నా,” అంది.

అంతులేని వరుసలో ప్రతి సంఖ్యనూ కొంచెం మార్చి, ఒక గడి ముందుకు జరిపే ఆపరేటర్‌ను తయారుచేసింది. దానికి ఆ లక్షణం ఉంది. కానీ అది నార్మల్ కాదు.

ఒక్క వ్యతిరేక ఉదాహరణ చాలు, ఎంతటి వాదమైనా కూలుతుందని జీవితమంతా వేదికలెక్కి అరిచినవాణ్ణి. ఆ రోజు మాత్రం, “మళ్ళీ ఒకసారి చూడమ్మా. ఎక్కడో తప్పుండొచ్చు,” అన్నాను.

“చూసినా.”

“ఇంకెవరికైనా చూపిద్దాం. ఎంత పెద్దోళ్ళయినా పొరబడతారు గదా. అన్నిసార్లూ...”

“ప్రార్థన చేస్తుండావా, అన్నా?”

నవ్వుతూనే అడిగింది. నేను బతిమాలుతున్నది ఆపరేటర్ గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

వేళ్ళలో పట్టులేక పెన్ను నాకిచ్చింది. “నువ్వే కొట్టెయ్.” ఇంగ్లీషు వ్యాసంలో అది ‘and only if’ అని మూడు మాటలు, మాకు ఒక్క అక్షరం. కొట్టేశాను. కింద ఆ ఉదాహరణ చేర్చమని, తను చెబుతుంటే నాచేత రాయించింది.

ఆ నెల దాటలేదు. సమాధి దగ్గర ఎవరో పెద్దమనిషి, అనుకున్నది సాధించి వెళ్ళిందన్నాడు. సాధించలేదని, అనుకున్నదే నిజం కాదని తనే తేల్చిందని లేచి చెప్పాను.