కాక కోసిన అంగుళం చెక్క

కాక పోయిండని ఫోన్ల చెప్పిన మనిషిని నేను తిట్టిన. పొద్దుపొద్దున ఏం పరాచికాలురా అని ఫోన్ పెట్టేసిన. మళ్ల మోగింది. ఈసారి ఆయన ఏడుస్తున్నడు. మస్కట్ హమ్రియాల మన జగిత్యాలోళ్ల రూమ్‌ల, చాయ్ గిలాస చేతుల పట్టుకొని గోడకు ఒరిగిండట, అంతే. ముందటి దినమే, ఒమాన్ల మేం పనిచేసే ఇబ్రిల నాతోని టిఫిన్ తిని, సెలవు కాయితాల కోసం మస్కట్ బస్సెక్కిన మనిషి. ఎక్కుకుంట ఎక్కుకుంట, వార్నిష్ డబ్బ మూత గట్టిగ పెట్టు తమ్మీ, ఎండిపోతది అన్నడు. నేను పెట్టలె. పదిరోజులైంది. వార్నిష్ ఎండిపోయింది, కాక పోయిండన్న మాట మాత్రం నాకు ఇంక ఎక్కుతలేదు.

మీకు ఆయన తెల్వదు, చెప్త. కాక నాకు సుట్టమేం కాదు. మా పక్కూరి వడ్రంగి. మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న ఒమానీ యజమానిని మేం అర్బాబ్ అంటం. ఆయనకు ఇబ్రిల తుపాకులు అమ్మే, బాగుచేసే దుకాణం ఉంది. ఎనభైల ఆఖర్ల నేను కౌంటర్ డ్యూటీకి వచ్చేసరికి కాక అక్కడ ఉస్తాద్. తుపాకి వెనక భుజానికి ఆనిచ్చుకునే కర్రను కుందా అంటరు. అది చెక్కుడు ఆయన పని. ఇక్కడ పెండ్లికి పోయినా, పండుగకు పోయినా పెద్దమనుషులు భుజాన తుపాకి ఏసుకొని పోతరు కాబట్టి పనికి కొదువ లేకుండె.

కాక టేపు ముట్టకపోతుండె. మనిషిని మోచెయ్యి మడవమని, ఆ మడతల కుందాను ఆనిచ్చి, వేలు తుపాకి పేల్చే ఘోడా దాక సక్కగ అందుతుందా లేదా చూసి పెన్సిల్‌తోని గీత గీస్తుండె. పెన్సిల్ మళ్ల చెవి సందులకు పోతుండె. అటెనక డాక్టర్ లెక్క అడుగుతుండె, భుజం ఎప్పుడన్న ఇరిగిందా, కండ్లద్దాలున్నయా అని. వచ్చినోళ్లకు మస్తు కోపమొస్తుండె. పెద్ద జంతువుకు పెద్ద తుపాకే కావాలని వచ్చినోణ్ని పట్టుకొని భుజం సంగతి అడుగుడేంది?

కాక లెక్క వేరే. పేలినప్పుడు భుజాన్ని ఎక్కువ తన్నే తుపాకిని రెండుసార్లు పేలిస్తే మూడోసారికి మనిషికి తెల్వకుంటనే కండ్లు మూసుకుంటయట. అందుకే తుపాకి జరంత బరువుండాలె, కుందా ఒంటికి కుదరాలె, వెనక మెత్తటి రబ్బరుండాలె, అన్నిటికంటె ముందు మనిషి భరించేటంత తూటానే ఎంచుకోవాలె అంటుండె. ఏడు మిల్లీమీటర్ల పాత మౌజర్ తూటా అంటే ఆయనకు పానం. గుండు సన్నగ, పొడుగ్గ, బరువుగ ఉంటది, లోపటిదాక దిగుతది, భుజాన్ని మాత్రం సతాయించదు. చిన్నప్పుడు వాళ్ల నాయిన ఒక దొరకు కుందాలు చెక్కిండట. ఆ దొర కొత్తగ తెచ్చిన పెద్ద తుపాకితోని మనుబోతును కొడితే గుండు కడుపుల తాకింది. అది జొన్నచేన్ల మూడు దినాలు పడి మూల్గింది. ఆ సంగతి చెప్పినప్పుడల్ల కాక చేతుల పని ఆగిపోతుండె. "గుండు పెద్దగుంటే తప్పు చిన్నగైతదా తమ్మీ?" అని అడుగుతుండె.

అసలు సంగతికొస్త. ఇన్నేండ్లు కడుపుల దాసుకున్న. ఇప్పుడు చెప్పొచ్చు.

ఇక్కడ అడివి జంతువులను కొట్టుడు బంద్. అందుకని అర్బాబ్, ఆయన ఇద్దరు దోస్తులు పర్మిట్లు తీసుకొని ఆఫ్రికాకు షికారుకు పోదామనుకున్నరు. మెలికల కొమ్ములుండే కుడు అనే జంతువు కోసం. మన మనుబోతంత ఉంటదది. దోస్తులిద్దరు మూడువందల డెబ్బై ఐదు బోరు తుపాకులు కొన్నరు. అర్బాబ్ గూడ అదే తెప్పిచ్చుకున్నడు. ముందటేడు బండి బోల్తాపడి ఆయన మెడకింది బొక్క ఇరిగింది. కాక వద్దన్నడు, ఏడు మిల్లీమీటర్లదే తీస్కపొమ్మన్నడు. అర్బాబ్ వినలె. మంచిది అని, కాక అక్రోటు కర్రతోని కుందా చెక్కిండు. అసొంటి పని నేను మళ్ల సూడలె. అరచేతితోని రాసినకొద్ది లోపటి గీతలు తేలుకుంట వచ్చినయి.

పోయేముందు వాదీల, అంటే నీళ్లు లేని వాగుల, గురి చూసుకునేతందుకు పోయినం. దోస్తులు దూరంగ బండి నీడల కూసున్నరు. అర్బాబ్ రెండు పేలిచ్చిండు, రెండు గురి తప్పి ఇసుకల దిగినయి. మూడోది కాక నింపిండు. అది మందు లేని ఉత్త తూటా అని నాకు ఒక్కనికే ఎరుక. అర్బాబ్ ఘోడా గుంజిండు. టిక్కుమన్నది. పేలుడు లేదు, తన్నుడు లేదు, అయినా ఆయన భుజం ఎగిరిపడ్డది, తుపాకి మూతి కిందికి వంగింది, రెండు కండ్లు గట్టిగ మూసుకున్నడు. ఈడ పెద్దమనిషి తుపాకికి జడుసుకున్నడంటే ఇంకేమన్న ఉందా?

కాక ఆ తూటా తీసి జేబుల ఏసుకున్నడు. సీదా దోస్తుల దగ్గరికి పోయి, తనకొచ్చిన అరబ్బీల, కుందా అంగుళం పొడుగైంది, అందుకే గురి కుదురుతలేదు, తప్పు నాదే అన్నడు. మరునాడు దుకాణంల వాళ్ల ముందటనే రంపం పెట్టి కోసిండు. కావాలని వంకరగ కోసిండు. ఇగ ఈ తుపాకి ఈసారికి పనికిరాదు, కొత్త కర్ర రావాలె, అప్పటిదాక ఏడు మిల్లీమీటర్లదే దిక్కు అన్నడు. దోస్తులు పడిపడి నవ్విండ్రు. అర్బాబ్ నలుగుట్ల నిలవెట్టి తిట్టిండు. కాక తల వంచుకొని నిలవడ్డడు.

నాకు మండిపోయింది. వాళ్లు పోయినంక, పేరెందుకు పాడుచేసుకున్నవు కాకా అని లొల్లి పెట్టుకున్న.

"నా పేరు పోతే మళ్ల చెక్కుకుంట," అన్నడు. "దోస్తుల ముందట ఆయన ఇజ్జత్ పోతే ఏం పెట్టి అతికిస్త? నువ్వు నోరు మూస్కో."

కోసిన ముక్కను ఊగుతున్న చాయ్ బల్ల కాలుకింద పెట్టిండు. మళ్ల పనికి కూసున్నడు.

అర్బాబ్ ఆఫ్రికా నుంచి వచ్చి, ఒక్క గుండుకే కుడు కూలిందని ఊరంత చెప్పుకున్నడు. దోస్తులలో ఒకాయన కొట్టిన జంతువు గాయంతోని ఉరికి పోయిందట, దొరకనే లేదట. అది విన్ననాడు కాక అన్నం తినలె. ఇంత చేస్తే కాకకు దక్కిందేంది? అంగుళం ఉస్తాద్ అని పేరు. కొన్ని నెలలు మంచి మంచి తుపాకులు వేరే దుకాణానికి పోయినయి. కౌంటర్ల కూసోని చూసుకుంట నేను పండ్లు కొరుక్కున్న. అర్బాబ్ కాక మాట నిజమనే నమ్మిండని, ఆయనకేం తెల్వదని అనుకున్న. ఇన్నేండ్లు అట్లనే అనుకున్న.

పోయిన వారం కాక శవం పెట్టెల ఊరికి పోయింది. విమానం దాక అర్బాబే పోయిండు. మరునాడు ఆ దోస్తులిద్దరు పలకరిచ్చేతందుకు దుకాణానికి వచ్చిండ్రు. ఖావా, అదే అరబ్బీ కాఫీ, తాగుకుంట ఒకాయన, పాపం, మన అంగుళం ఉస్తాద్ మంచోడు అన్నడు. ప్రేమతోనే అన్నడు.

అర్బాబ్ కప్పు కింద పెట్టిండు.

"కుందా సరిగ్గనే ఉండె," అన్నడు. "నేనే కండ్లు మూసుకున్న. ఉత్త తూటాకు జడుసుకున్న. ఆయన చూసిండు. సచ్చేదాక ఎవ్వలికి చెప్పలె."

నేను ఖావా కూజ కింద పెట్టిన. ఆయనకు ఆ దినమే తెలుసు! తెలిసే తిట్టిండు, కాక తెలిసే పడ్డడు. ఎవలి మీద కోపం చేసుకోవాల్నో నాకు సమజ్ కాలె, ఏడుపైతే వచ్చింది.

అర్బాబ్ లేచి, ఆ తెల్లటి బట్టలతోనే నేల మీద మోకాళ్లూనిండు. చాయ్ బల్ల కాలుకింద నుంచి ఆ అక్రోటు ముక్క తీసిండు, చేతితోని దుమ్ము తుడిచిండు, జేబుల ఏసుకొని బయటికి పోయిండు.

బల్ల ఇప్పుడు ఊగుతున్నది. చాయ్ పెడితే ఒలుకుతది. కిందికి వేరే ముక్క పెట్టబుద్ధైతలేదు.