వినపడుతుందని రాసిన కాగితం

మా అన్నయ్యకు వైకల్య పింఛను ఇవ్వలేమని సర్కారు నుంచి ఉత్తరం వచ్చిన రోజు నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి మరీ తిట్టాను. ఎవరినని అడగకండి. ఎదురుగా ఉన్నవాళ్లని. ఎదురుగా ఉన్నది మా ఆయన. ఆయన పేపరు చదువుకుంటూ ఒక్క మాటకి కూడా తలెత్తలేదు. గోడకి చెప్పినా పెచ్చులైనా రాలతాయన్నాను. దానికీ ఉలుకూ పలుకూ లేదు.

అన్నయ్య ఫిరంగుల దళంలో పదిహేడేళ్లు పనిచేశాడు. మా ఆయనా అక్కడే, అదే ఫిరంగి దగ్గర. ఆ స్నేహంతోనే అన్నయ్య నన్ను ఆయనకిచ్చి చేశాడు. ఇద్దరూ ఒకే ఏడాది బయటికొచ్చి జగ్గయ్యపేట దగ్గర చెరో సిమెంటు ఫ్యాక్టరీలో సెక్యూరిటీ పనికి చేరారు. మా వైపు మిలిటరీ నుంచి వచ్చినవాళ్లకి ఆ ఫ్యాక్టరీ గేట్లే దిక్కు.

కిందటేడు క్వారీ గేటు దగ్గర లారీ వెనక్కి వస్తుంటే అన్నయ్య పక్కకి జరగలేదు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట. చివరికి తోటి గార్డు చెయ్యి పట్టి లాగేశాడు. దెబ్బ తగల్లేదు గానీ ఉద్యోగం పోయింది. చెవుల డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవులూ చాలా ఏళ్ల కిందటే దెబ్బతిన్నాయన్నాడు. మాకేమీ ఆశ్చర్యం కాలేదు. అన్నయ్య ఫోనెత్తడనీ, చర్చిలో పాట అందరికంటే ఒక పాదం వెనక పాడతాడనీ ఇంట్లో అందరికీ తెలుసు. పదిహేడేళ్లు ఫిరంగి పక్కన నిలబడ్డ మనిషి చెవులు ఎక్కడ పోయాయో చెప్పడానికి పెద్ద చదువులు కావాలా?

సర్వీసులో ఉన్నప్పుడు అన్నయ్య ఉత్తరాల చివర ఎప్పుడూ ఒక మాట ఉండేది, దూది పంపించమని. మాది మెట్ట చేను, పత్తి వేసేవాళ్లం. అమ్మ వసారాలో కూర్చుని గింజ తీసి, దూది ఏకి, పచ్చడి సీసా చుట్టూ కుక్కి పార్సిల్ కట్టేది. కొడుకు దిండు కుట్టుకుంటున్నాడేమో అనుకునేది పిచ్చితల్లి. వాళ్లు దాన్ని ఉండలు చుట్టి చెవుల్లో పెట్టుకునేవాళ్లు. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి తెలిసి, "మరి చెవులకి గవర్నమెంటు ఏమీ ఇవ్వదా అండీ?" అని మా ఆయన్ని అడిగాను. "వస్తయ్యని చెప్పేవాళ్లు" అని నవ్వారు.

ఇక సర్కారు ఉత్తరంలో ఉన్న కారణం ఇది. సర్వీసు నుంచి విడుదల చేసేటప్పుడు జరిగిన వైద్య పరీక్షలో రెండు చెవులూ బాగున్నాయని రాసి ఉంది, కింద అన్నయ్య సంతకం కూడా ఉంది. ఇదేంటని నోటుపుస్తకంలో రాసి చూపించాను. అన్నయ్యతో ఇప్పుడు అన్నీ రాసే మాట్లాడాలి.

"ఫిట్ అని రాకపోతే ఫ్యాక్టరీలో తీసుకోరని ముందు రిటైరైనోళ్లు చెప్పారమ్మా" అన్నాడు. "మనవైపోళ్లందరూ అట్టాగే చేశారు. నేనూ వినపడుద్దనే చెప్పా."

ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ఆ పదిహేడేళ్లలో అన్నయ్య దళానికి చెవుల్లో పెట్టుకునే రక్షణ సామాను ఎంత కొన్నారు, కొన్నదాంట్లో ఎంత ఫిరంగుల దాకా చేరింది, ఇంతే అడిగాను. దేశ భద్రతకు సంబంధించిన విషయం కాబట్టి వివరాలు ఇవ్వలేమని జవాబొచ్చింది. యుద్ధ విమానం ఎంతకు కొన్నారో టీవీలో పొద్దస్తమానం చెప్తారు. చెవిలో పెట్టుకునే బిరడా మాత్రం రహస్యమట. అది బయటపడితే శత్రువుకి ఏం తెలిసిపోతుంది, మావాళ్లకి వినపడదనా?

ఫిరంగులు కొనొద్దని నేననను. జీతంలోంచి పన్ను కట్టేదాన్ని, కొనండి. కానీ కొనేటప్పుడు దాని పక్కన నిలబడేవాడు కూడా లెక్కలో ఉండాలి కదా. అన్నయ్య చెప్పింది అబద్ధమే, కాదనను. ఇంకా సగం వయసు మిగిలిన మనిషిని ఇంటికి పంపిస్తూ, నీ ఒంట్లో ఏం పోయిందో నిజం చెబితే నీకు పని దొరకదు అనే చోటికి పంపిస్తే, ఎవరు మాత్రం నిజం చెబుతారు? ఈ ముక్క ఏ ఫారంలో, ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

నందిగామలో ఒక వకీలు అప్పీలు వేసిపెట్టాడు. అన్నయ్యని మళ్లీ మెడికల్ బోర్డుకి పిలిచారు. విడుదలప్పుడు డాక్టరు అసలు చెవులు చూడనేలేదని చెప్పమని వకీలు నేర్పాడు. అన్నయ్యకి ప్రశ్నలు రాసిచ్చే మనిషి కావాలి కాబట్టి నన్నూ లోపలికి రానిచ్చారు. బోర్డులో ఉన్న డాక్టరు మా తెలుగాయనే, చిన్న వయసు, మర్యాదస్తుడు.

"అప్పుడు డాక్టరుగారు మీ చెవులు పరీక్ష చేశారా?" అన్నాడు. రాసి చూపించాను.

"చేశారు సార్. ఆయన తప్పేం లేదు. వినపడకపోయినా వినపడిందని నేనే చెప్పా" అన్నాడు అన్నయ్య.

నాకు బల్ల కింద కాలు తొక్కాలనిపించింది. డాక్టరు కాగితాలు తిరగేశాడు. "వెనక నిలబడి గుసగుసగా చెప్పిన అంకెలన్నీ సరిగ్గా చెప్పినట్టుందే. ఎలా చెప్పారు?"

"ఎదురుగా వరసలో నిలబడ్డతను వేళ్లతో చూపించాడు సార్."

డాక్టరు కలం కింద పెట్టాడు. "అతనొచ్చి ఆ మాట అఫిడవిట్ ఇస్తే పాత పరీక్ష చెల్లదని రాయగలను. మీ ఒక్కరి మాట మీద రాయలేను. ఎవరతను?"

పుస్తకంలో 'ఎవరు?' అని రాసి ముందుకు జరిపాను. అన్నయ్య ఆ మాట వంక చూశాడు. తర్వాత నా వంక చాలాసేపు చూశాడు. "గుర్తులేదు సార్" అన్నాడు.

దారి పొడుగునా పోట్లాడాను. నోటుపుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి. అన్నయ్య అన్నీ చదివి, పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇదంతా మా ఆయన ముందు ఏకరువు పెట్టాను. అలవాటుగా గట్టిగానే. "ఎవడో ఆ మహానుభావుడు వేళ్లు చూపించాడట. వాడి పేరు చెప్పడానికి అన్నయ్యకి నోరు రాలేదు" అన్నాను. ఆయన చొక్కా గుండీలు విప్పుతూ ఆగిపోయారు.

"నేనే" అన్నారు.

చేతిలో ఉన్న బైబిలు బల్ల మీద పెట్టి ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"నా వంతు వచ్చినప్పుడు బావ డాక్టరు పెదాలు చూసి నాకు చూపించాడు" అన్నారు.

"మీకు చూపించడం ఎందుకు?"

ఆయన ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఇది అప్పటికే పోయింది. కుడిది కాస్త నయం."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఈయన నా మాట లెక్కచెయ్యడని ఊరందరికీ చెప్పుకున్నాను. అత్తగారికి చెప్పాను, పాస్టరుగారి భార్యకి చెప్పాను. పిల్లల ముందే ఎన్నిసార్లు ఎత్తిపొడిచానో లెక్కలేదు. "మరి నాతో ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"నీతో చెప్తే ఫ్యాక్టరీ దాకా వినపడుద్దిగా."

నవ్వలేకపోయాను. ఆయనకి ఇంకో ఏడాదిన్నర ఉద్యోగం ఉంది. ఆ అఫిడవిట్ మీద సంతకం పెడితే గేటు దగ్గర ఎవరుంచుతారు? పెట్టకపోతే అన్నయ్య చెవులు పోయింది సర్వీసులోనే అని సర్కారు ఏనాటికీ ఒప్పుకోదు. పెట్టమని నేను అడగలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. నాలుగు రోజులు ఇంట్లో నా గొంతు లేచిందే లేదు.

ఐదో రోజు పొద్దున ఆయనే షూ వేసుకుంటూ అన్నారు. "సెలవు పెట్టు, నందిగామ వెళ్దాం."

వకీలు అఫిడవిట్ టైపు చేయించి, నోటరీ దగ్గర కూర్చోబెట్టి చదివాడు. ఆయన పేరు, ఆయన చెవి సంగతి, అన్నయ్యకి చూపించిన వేళ్ల సంగతి, అన్నీ ఉన్నాయి అందులో. "బాగా ఆలోచించుకున్నారా అండీ? ఫ్యాక్టరీవాళ్లకి తెలిస్తే ఇబ్బంది పడతారు" అన్నాడు.

"పెట్టేస్తానండి. ఇంకోసారి చదవండి, కొంచెం గట్టిగా" అన్నారు మా ఆయన.

సంతకం పెట్టారు. బోర్డు ఏం రాస్తుందో ఇంకా తెలియదు. సమాచార హక్కు కింద నేనడిగిన దానికి పై అధికారికి అప్పీలు పెట్టాను. ఈసారి ఇద్దరి సర్వీసు నంబర్లూ రాశాను.

తిరుగు బస్సులో ఆయన కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. బస్సు హైవే ఎక్కాక, ఇన్నేళ్లూ అన్న మాటలకి నన్ను క్షమించమని అడిగాను. నా జన్మలో మొదటిసారి మెల్లగా మాట్లాడాను. ఆయన కిటికీలోంచి మిరప చేల వంక చూస్తూ ఉన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, నా వైపు ఉన్నది ఎడమ చెవి.

లేచి నిలబడి భుజం తట్టాను. "జరగండి, కిటికీ దగ్గర నేను కూర్చుంటా" అన్నాను. ఆయన ఇవతలికి జరిగారు. అటు కూర్చుని, మళ్లీ మొదటి నుంచి చెప్పాను.