వదిన కొట్లో తెరిచిన పెట్టెలు

లేత్ షాపుల వీధి మలుపులో, ముగ్గురు నిలబడితే నిండిపోయే కొట్టు అది. మధ్యాహ్నం రేకు కంతల్లోంచి దిగే ఎండలో సిగరెట్ పొగ చేపలా మెల్లగా ఈదుతూ ఉండేది. ఆ పొగ వెనక వదిన. ఎవరికి వదినో తెలియదు. వీధి మొత్తానికీ వదినే.

ప్రభుత్వాలు గాలికి పన్ను వేయలేక పొగకు వేస్తాయేమోనని ఎన్నో ఊళ్లు తిరిగిన నాకు అనిపిస్తుంది. సరే, ఆ గొడవ అలా ఉంచితే, విడి సిగరెట్లు అమ్మకూడదని కొత్త రూలు వచ్చింది. కొంటే పెట్టె మొత్తం కొనాలి. వదిన కొట్టు నడిచేదే విడి సిగరెట్ల మీద. బేరాలు పడిపోయాయి. ఆమెకు వేరే ఆధారం లేదు.

అప్పుడు లేత్ పనివాళ్లే ఒక ఉపాయం కనిపెట్టారు. పెట్టె కొని, ఆమె దగ్గరే దాచుకోవడం మొదలుపెట్టారు. అడిగితే ఒకటి తీసి ఇచ్చేది. ఒక్కోసారి ఇచ్చేది కాదు.

"పొద్దున్నే లాగించావుగా, పొగగొట్టం! సాయంత్రం రా."

"అది నా పెట్టె వదినా!"

"నీదే. ఊపిరితిత్తులూ నీవేగా, వాటినీ ఇక్కడ పెట్టి వెళ్లు, చూసుకుంటాను."

మూల లేత్ మీద పనిచేసే ఆ పొగగొట్టం నవ్వబోయి దగ్గేవాడు.

ఒకనాడు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అరలో తెరిచిన పెట్టెలు చూశాడు.

"విడిగా అమ్ముతున్నావా అమ్మా?"

"లేదు సార్, వాళ్లవే. దాచమన్నారు."

"నేను నమ్ముతానమ్మా. రూలు నమ్మదు. మళ్లీ కనిపిస్తే కొట్టు మూయించాల్సి వస్తుంది."

ఆ సాయంత్రమే ఎవరి పెట్టె వాళ్లకు ఇచ్చేసింది. పెట్టెలు జేబుల్లోకి చేరాయి. జేబులో ఉన్నదానికి అడ్డుచెప్పేవాళ్లెవరు? నాలుగు రోజులు వచ్చే పెట్టె సాయంత్రానికే ఖాళీ అయ్యేది. రోజులు పొగలాగే కరిగిపోయాయి. కొట్టు కళకళలాడింది.

"బేరం బాగుందే" అన్నాను ఒకరోజు కొట్టు ముందు ఆగి.

"బాగానే ఉందన్నయ్యా. అదే బాగాలేదు."

ఇంతలో పొగగొట్టం వచ్చాడు, ఆ రోజుకు రెండోసారి.

"వదినా, ఇంకో పెట్టె."

ఆమె వెనక అర నిండా పెట్టెలు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి.

"లేవు. అయిపోయాయి."

అతను అర వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"ఎప్పుడొస్తాయి?"

"రేపు."

"అయితే రేపే వస్తాలే" అని దగ్గుకుంటూ వెళ్లాడు.

వెనకే వచ్చిన వెల్డరుకూ అదే మాట చెప్పింది. అతను ఊరుకోలేదు; గొణుక్కుంటూ పక్కవీధి కొట్టు వైపు నడిచాడు. మలుపు తిరిగేదాకా వదిన అతన్నే చూస్తూ నిలబడింది.