ఇంటికా, సంతకా

చింతామణిలో పురుగుమందుల అంగడి నడిపిన ఆయన, ఎవరు వచ్చినా డబ్బా తీసే ముందు ఒకటే అడిగేవాడు.

"ఇంటికా, సంతకా అప్పా?"

ఇంట్లో తినే పంటకని అంటే డబ్బా ఇచ్చేవాడు కాదు. "వేపాకు, కానుగాకు నూరి రాత్రంతా నానబెట్టు. తెల్లారినాక వడగట్టి చల్లు. పిల్లోళ్ళు తినేది కదప్పా" అని పంపేసేవాడు. సంతకని అంటే మాత్రం మారుమాట లేకుండా డబ్బా చేతికిచ్చేవాడు. చేతికొచ్చిన బేరం వదులుకునే ఆ మనిషంటే నాకు గౌరవంగానే ఉండేది.

ఏటా ఆకురసంతోనే నెట్టుకొచ్చిన నేను, ఒక ఏడు అనపచిక్కుడు చేనంతా పురుగు పడితే ఆయన దగ్గరికి పోయి "సంతకే" అన్నాను.

ఆ కాయలు సంతలో కుప్ప పోసుకుని కూర్చుంటే, ఆయనే సంచి పట్టుకుని వచ్చాడు. ఒక కాయ ఒలిచి చూశాడు.

"పురుగన్నదే లేదే, బాగుండాది. ఏం కొట్టినావప్పా?"

"నువ్విచ్చిందే అన్నా."

ఆయన చేతిలోని గింజల వైపు చూశాడు. కాయలు వద్దంటాడనుకున్నాను. సంచి నింపించుకునే పోయాడు. ఎందుకో నాకు నేటికీ అంతుపట్టలేదు.

తర్వాత నేనెన్నిసార్లు ఆ అంగడికి పోయినా ఆ ప్రశ్న వినపడలేదు. ఎవరు వచ్చినా ఆయన ముందు ఆకుల పేర్లే చెప్పేవాడు.